'ది స్టాండ్' పాఠకులు ఎక్కడ తగువుపడతారు

(పర్లాకిమిడిలో పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

పెద్దలకు, తోటి పాఠకులకు నమస్కారం.

ఈ ఊళ్లో నిలబడి తెలుగులో పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోకుండా మొదలుపెట్టడం బాగుండదు. జనం నోట ఉన్న భాషలోనే రాయాలని పట్టుబట్టిన ఆయన ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది ఇక్కడే. అందుకని విమర్శకుల పరిభాష పక్కన పెట్టి, ఈ నవల చదివినవాళ్లు టీకొట్టు దగ్గర ఎలా వాదించుకుంటారో ఆ మాటల్లోనే చెప్తాను.

పుస్తకం స్టీఫెన్ కింగ్ రాసిన 'ది స్టాండ్'. 1978లో వచ్చింది. సైన్యం గుట్టుగా తయారుచేసిన ఫ్లూ క్రిమి బయటపడి, మూడు వారాల్లోపే అమెరికాను ఊడ్చేస్తుంది. బతికిపోయిన కొద్దిమందికి కలలు వస్తుంటాయి. కొందరిని నూట ఎనిమిదేళ్ల ముసలమ్మ ఒకావిడ పిలుస్తుంటుంది, కొందరిని 'చీకటి మనిషి' ఫ్లాగ్ అనేవాడు పిలుస్తుంటాడు. ఆవిడ వైపు వెళ్లినవాళ్లు చివరికి బౌల్డర్ పట్నంలో చేరతారు, వాడి వైపు వెళ్లినవాళ్లు లాస్‌వేగాస్‌లో. ముగింపు కూడా చెప్పేస్తాను, ముందే హెచ్చరిస్తున్నాను. పాఠకుల తగువంతా అక్కడే ఉంది కనక దాన్ని దాచిపెట్టి మాట్లాడటం కుదరదు.

ఈ నవల బాగుందనో బాగోలేదనో ఎవరైనా అంటే, ముందు 'ఏ పుస్తకం చదివారు?' అని అడగండి. ఉన్నవి రెండు. 1978లో ప్రచురణకర్తలు రాతప్రతిలోంచి దాదాపు 400 పేజీలు తీయించారు. ఆ పేజీలు బాగోలేక తీసినవి కావు. అంత లావు పుస్తకం వేస్తే ఖర్చు గిట్టదని లెక్కలవాళ్లు చెప్పడం వల్ల పోయాయి. 1990లో వాటిలో చాలా భాగం తిరిగి చేర్చి, కొంత కొత్తగా రాసి, కథ జరిగే ఏడాదిని 1980 నుంచి 1990కి జరిపి మళ్లీ వేశారు. ఇది 1,150 పేజీలు దాటింది. మీ చేతిలో ఉన్నది ఏదో మొదటి పేజీలే చెప్తాయి. టెక్సస్‌లో ఆర్నెట్ అనే చిన్న ఊళ్లో పెట్రోలు బంకు దగ్గర కథ మొదలైతే పాతది. దానికి ముందు ఒక సైనికుడు అర్ధరాత్రి పెళ్లాన్ని లేపి, పసిపిల్లతో సహా కారెక్కించి పారిపోయే ఘట్టం ఉంటే పెద్దది. చివర కూడా చూసుకోవచ్చు. కథలో జంటయిన స్టూ, ఫ్రానీ మాట్లాడుకుంటూ ఉండగా ముగిస్తే పాతది. ఆ తర్వాత ఆ ఫ్లాగ్ ఎక్కడో సముద్రపొడ్డున మళ్లీ కళ్లు తెరిస్తే పెద్దది.

ఈ ప్రశ్న అడక్కపోతే ఇద్దరు మనుషులు రెండు పుస్తకాల గురించి గంటసేపు కొట్టుకుంటారు. 'ఆ కిడ్ అనేవాడి గొడవ నాకు వద్దనిపించింది' అని ఒకరంటే, 'ఆ పేరుగలవాడు ఎక్కడున్నాడండీ?' అని రెండోవారు నిజంగానే తెల్లబోతారు. వాడు తిరిగి చేర్చిన పేజీల్లో వస్తాడు. ఇంకొక ఫిర్యాదు, '1990 అంటాడు గానీ మనుషులు డెబ్బైలలోలా మాట్లాడతారు' అని. ఈ ఫిర్యాదు సరైనదే, కారణం కూడా కనిపిస్తూనే ఉంది. తేదీలు మార్చడం సులువు. యాస, పాటలు, డబ్బు లెక్క, ఇంట్లో మొగుడూ పెళ్లాల మాటతీరు ఇవన్నీ పదేళ్లు జరపాలంటే నవల మళ్లీ రాయాలి. కింగ్ అంతపని చెయ్యలేదు.

పాఠకులందరూ దాదాపు ఒక్కమాట మీద ఉండే చోటు మొదటి మూడోవంతు. వ్యాధి పాకే భాగం. మొదటి అధ్యాయంలో, పారిపోయి వచ్చిన ఆ సైనికుడి కారు అదుపుతప్పి బంకు మీదికి వస్తుంది. అక్కడ పొద్దుపోక కూర్చున్న మగాళ్లందరూ నోరు తెరుచుకుని చూస్తుంటే, స్టూ రెడ్‌మన్ అనేవాడు మాత్రం పంపుల స్విచ్చులు ఆపేస్తాడు. కారు పంపుల్ని గుద్దుతుంది, మంట లేవదు. కథానాయకుణ్ణి మనకు పరిచయం చేసే తీరు ఇదే. పెద్ద మాటలేమీ లేవు, స్విచ్చు మీద చెయ్యి వేశాడు. ఈ స్విచ్చుల్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వాటి దగ్గరికి వస్తాను.

పెద్ద పుస్తకంలో ఎనిమిదో అధ్యాయం చూడండి. బంకు యజమానికి దగ్గర బంధువైన రోడ్డు పోలీసు ఒకడు బంకుకొచ్చి మాట్లాడి వెళ్తాడు. తర్వాత హైవే మీద వేగంగా పోతున్న ఇన్సూరెన్సు ఏజెంటును ఆపి చలానా రాస్తాడు. చలానాతో పాటు రోగం కూడా చేతికందిస్తాడు. ఏజెంటు కలుపుగోలు మనిషి, అందరితో మాట్లాడే అలవాటు. ఆ రోజూ మర్నాడూ కలిపి నలభైమందికి పైగా అంటిస్తాడు. మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో తిని, బల్ల మీద ఒక డాలరు టిప్పు పెట్టి పోతాడు. ఆ నోటు వడ్డించిన ఆవిడ చేతికి పోతుంది. అదే హోటల్ దగ్గర దారి అడిగిన కుటుంబం ఒకటి ఉంది, వాళ్లు ఇంకో రాష్ట్రానికి పోతూ ఆగిన ప్రతిచోటా వదులుతారు. కింగ్ దీన్ని గొలుసు ఉత్తరాలతో పోల్చాడు. మనకు ఆ ఉత్తరాలు బాగా తెలుసు. ఏడుకొండలవాడి పేర వచ్చేవి, ఇన్ని కార్డులు రాసి పంచకపోతే ఇంట్లో అరిష్టం అని బెదిరించేవి. చాలామంది చించి పారేస్తారు కనక ఆ ఉత్తరాల గొలుసు తెగిపోతుంది. ఈ గొలుసు తెగదు. అందుకున్నవాడికి అది తన చేతిలో ఉందని తెలియదు కదా.

ఈ అధ్యాయంలో భయం ఎక్కడుందంటే వరసలో ఉంది. రక్తం లేదు, అరుపులు లేవు. పేరు, చోటు, ఏం కొన్నాడు, ఏం ముట్టుకున్నాడు, ఎవరితో నవ్వాడు. కంపౌండరు రిజిస్టరు రాసినట్టు ఉంటుంది. చదివినవాళ్లు తర్వాత నాలుగురోజులు చిల్లర తీసుకోవడానికి జంకుతారు. 2020 తర్వాత చదివినవాళ్లయితే, రోగం వచ్చినవాడు రెండురోజులు మామూలు జలుబే అనుకుని ఊరంతా తిరిగాడన్న వాక్యం దగ్గర పుస్తకం మూసేస్తారు కాసేపు.

వైద్యం తెలిసినవాళ్లు రెండు తప్పులు పడతారు. మొదటిది, క్రిమి రూపు మార్చుకునే తీరు. ఫ్లూ రూపు మార్చుకోవడం నిజమే, ఏటా టీకా మార్చేది అందుకే. అయితే ఆ మార్పు మనిషి నుంచి మనిషికి, ఏడాది నుంచి ఏడాదికి పోగవుతుంది. నవల్లో ఒకే ఒంట్లో, ఒంటి రక్షణ తయారవుతున్న కొద్దీ క్రిమి వేషం మార్చేస్తూ పోతుంది. ఇది నిజాన్ని పట్టుకుని బాగా సాగదీసిన ఊహ. రెండోది, బతికినవాళ్లు ఎందుకు బతికారో ఎక్కడా తేలదు. కుక్కలు, గుర్రాలు దాదాపు అన్నీ చస్తాయి గానీ పిల్లులు చావవు. ఎందుకంటే జవాబు లేదు. మొదటి తప్పును నేను క్షమిస్తాను. రెండోదాన్ని తప్పు అనను. మొదటినుంచీ లెక్క చెప్పే రచయిత ఒకచోట లెక్క చెప్పడం మానేశాడని పాఠకుడు గమనించే మొదటి చోటు ఇది. ముగింపు దగ్గర వచ్చే కోపానికి విత్తనం ఇక్కడే పడింది.

సైన్యం లాబ్ సంగతి మరీ అతి అనేవాళ్లకు ఒక మాట. 1968 మార్చిలో యూటా రాష్ట్రంలో సైన్యం విషవాయువు పరీక్షలు జరిపిన చోటికి దగ్గర్లో వేల గొర్రెలు చచ్చాయి. ఈ నవలకు బీజాల్లో అదొకటని కింగే రాశాడు.

99.4 అనే అంకె ఈ నవల పాఠకుల నోట ఊరికే నానుతుంటుంది. నూటికి 99.4 మంది పోతారు. దీన్ని మన కొలతకు దించి చూడండి. యాభైవేల జనం ఉన్న పట్నం అనుకుందాం. వెయ్యికి ఆరుగురు మిగిలితే, మూడొందల మంది. రెండొందల గడపల పల్లె, గడపకు ఐదుగురు చొప్పున వెయ్యిమంది అనుకుంటే, ఆరుగురు. ఆ ఆరుగురిలో ఒకడు పసివాడు, ఒకామె మంచం దిగలేని ముసలావిడ కావచ్చు. వంట ఎవరు, నీళ్లు ఎవరు, శవాలు ఎవరు? అంకెను ఇలా ఊళ్లోకి తెచ్చుకుంటే తప్ప తర్వాతి అధ్యాయాల బరువు తెలియదు.

పెద్ద పుస్తకంలో ముప్పై ఎనిమిదో అధ్యాయం సరిగ్గా ఈ పనే చేస్తుంది. ఫ్లూ తప్పించుకున్నవాళ్లలో కొందరు మామూలు కారణాలతో పోతారు. ఒక చిన్న గుంటడు పాడుబడ్డ బావిలో పడతాడు. తీసేవాళ్లు లేరు. ఒకామె చలిగది లోపలికి వెళ్తే తలుపు పడిపోతుంది. ఒకాయన కాలికి తుప్పుమేకు దిగుతుంది. ఒకడు పెట్రోలు జనరేటరు తెచ్చి ఇంటి కరెంటు పాయింట్లకు కలిపి, నడపబోయి షాక్ కొట్టి చస్తాడు. కొన్ని పేజీలే, ఒక్కొక్కరికి ఒక పేరా, రెండు పేరాలు. చాలామంది పాఠకులు నవల మొత్తంలో ఇదే గొప్ప అధ్యాయం అంటారు. పాత పుస్తకం చదివినవాళ్లకు ఇది దొరకనే లేదు. పెద్దది ఎందుకు చదవాలని ఎవరైనా అడిగితే నా జవాబు ఈ ఒక్క అధ్యాయమే.

ఆ జనరేటరు చావు మన వైపు పాఠకులకు వింతగా ఉండదు. తుపాను వచ్చిపోయాక ఊళ్లో అద్దె జనరేటర్లు దిగుతాయి. మార్పిడి స్విచ్చు పెట్టించుకునే ఓపిక లేక, రెండు వైపులా పిన్నులున్న వైరు ముక్క చేసి, ఒక కొస జనరేటరుకు, ఇంకో కొస గోడ సాకెట్టుకు గుచ్చేవాళ్లున్నారు. ఒక కొస గుచ్చాక రెండో కొస పిన్నులు ఉత్తగా, కరెంటుతో బయట ఉంటాయి. ముట్టుకుంటే అంతే. అది చాలక, మెయిన్ ఆపకపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధిలోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మరులో తిరగబడి పదకొండువేల వోల్టుల లైను మీదికి ఎక్కుతుంది. లైను చచ్చిపడి ఉందనుకుని స్తంభమెక్కిన మనిషి ప్రాణం పోతుంది. కింగ్ ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన చావు వెనక ఇంత ఉంది.

న్యూయార్క్ సొరంగం గురించి ఎక్కువ చెప్పను. లారీ అనే గాయకుడు నది కింద ఒకటిన్నర మైలు సొరంగాన్ని చీకట్లో, సిగరెట్టు లైటరు పట్టుకుని, ఇరుక్కుపోయిన కార్ల పక్కనుంచి, శవాల మీదుగా నడుస్తాడు. లైటరు వేడెక్కి చెయ్యి కాలుతుంటే ఆర్పాలి, ఆర్పితే చీకటి. భయపెట్టిన ఘట్టం ఏదని అడిగితే మొదట నోటికి వచ్చేది ఇదే. దీని మీద తగువు లేదు.

తగువు బౌల్డర్‌లో మొదలవుతుంది. నవల రెండో భాగం పేరు 'సరిహద్దు మీద' అని తెలుగు చేసుకోవచ్చు, మన ఊళ్లకు దగ్గరి మాట. అక్కడ జనం పోగవుతారు, కమిటీ వేసుకుంటారు, మీటింగులు పెట్టుకుంటారు, ఎవరేమన్నారో రాసుకుంటారు. 'చచ్చే విసుగు' అని ఒక పక్షం, 'పుస్తకానికి గుండెకాయ' అని ఇంకో పక్షం. నేను రెండో పక్షం. ఎందుకో ఒక ఉదాహరణ చూపిస్తాను.

బౌల్డర్‌కు కరెంటు తేవాలి. బ్రాడ్ కిచ్‌నర్ అనే మనిషి కొందరిని కూడగట్టుకుని విద్యుత్ కేంద్రాన్ని బాగుచేస్తాడు. కరెంటు వదులుతారు, లోడు తట్టుకోలేక అది పోతుంది. ఎందుకు పోయింది? జనం చచ్చిపోయినప్పుడు ఇళ్లలో కరెంటు ఇంకా ఉంది. పొయ్యిలు, టీవీలు, దీపాలు, మిషన్లు వేసి ఉన్నవి వేసినట్టే ఉండిపోయాయి. తర్వాత కరెంటు పోయింది గానీ స్విచ్చులు ఆపడానికి మనిషి లేడు. ఇప్పుడు కొన్ని వందలమంది వాడకానికి వదిలిన కరెంటును ఖాళీ ఇళ్లన్నీ ఒక్కసారిగా లాగేశాయి. అప్పుడు వాళ్లు ఒక దళం పెడతారు. పనేమిటంటే, ఇంటింటికీ వెళ్లి, లోపల ఏ స్థితిలో ఎవరున్నా సరే, స్విచ్చులు ఆపి రావడం.

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటాక, ఈ గజపతి జిల్లాలోనూ, ఏటికి అవతల శ్రీకాకుళం జిల్లాలోనూ కరెంటు కోసం ఎదురుచూసినవాళ్లకు ఈ ఘట్టం వివరించి చెప్పక్కర్లేదు. లైను నిలబెట్టాక కూడా ఒక్కసారే వదలరు. ఒక్కో ఫీడరు వదిలి, నిలబడిందా లేదా చూసి, రెండోదానికి పోతారు. రోజుల తరబడి ఆగిన ఫ్రిజ్‌లు, నీళ్ల మోటార్లు ఒకే క్షణాన లేవబోతాయి. మోటారు లేచేటప్పుడు తిరిగేటప్పటికంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అందుకే 'కరెంటొచ్చింది, పోయింది' అని జనం తిట్టుకునేది. లైన్‌మన్ చేతిలో తప్పు ఉండదు, మన గోడ మీద స్విచ్చు ఆపి ఉండదు. 'మోటారు ఆపీండి, ఇస్త్రీపెట్టె ఆపీండి' అని వీధుల్లో అరిచేది ఆ దళం పనే. ఈ సంగతి తెలిసిన పాఠకుడికి బౌల్డర్ అధ్యాయాలు విసుగెత్తవు. ప్రళయం తర్వాత లోకం మళ్లీ నిలబడటం ఎలా ఉంటుందో అంత దగ్గరగా రాసిన చోట్లు భయానక నవలల్లో అరుదు.

కమిటీ సంగతీ అంతే. ఏడుగురు ముందే ఒక గదిలో కూర్చుని మేమే ఉండాలని అనుకుంటారు. ఊరంతా చేరిన సభలో, ఒక్కొక్కరి పేరు మీద వాదన రాకుండా, మొత్తం ఏడుగురినీ ఒకే తీర్మానంతో ఒప్పుకుందామని లేచి ప్రతిపాదించేవాడు హెరాల్డ్ అనే కుర్రవాడు. ఆ కమిటీని లోపల్లోపల ద్వేషిస్తున్నవాడు వాడే. జనం చప్పట్లు కొడతారు. 'ఇది ప్రజాస్వామ్యమేనా?' అని చదివినవాళ్లు నిలదీయాల్సిన చోటు. 2020 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం సర్పంచులకు వాళ్ల పంచాయతీ హద్దులో కలెక్టరు అధికారాలిచ్చింది. సూరత్ లాంటి చోట్లనుంచి తిరిగొచ్చేవాళ్లను బడిలో విడిగా ఉంచడం, వాళ్లకు అన్నం పెట్టించడం, దాటినవాణ్ణి ఆపడం అప్పుడు పల్లెలో పెద్దపని. రోగం వేళ అధికారం ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎన్నాళ్లకు ఇచ్చారు, కాదనే దారి ఉందా అన్న ప్రశ్నలు ఈ జిల్లాల్లో నవల్లోవి మాత్రమే కావు. ఆ అధ్యాయాన్ని ఈ మూడు ప్రశ్నలు పక్కన రాసుకుని చదవమంటాను.

విసుగు అనేవాళ్ల మాట కూడా కొట్టిపారెయ్యకూడదు. దానికి రచయిత సాక్ష్యమే ఉంది. 500 పేజీలు దాటాక కథ కదలక ఆగిపోయిందని, వారాల తరబడి నడకకు పోతూ ఆలోచించినా దారి దొరకలేదని కింగ్ రాసుకున్నాడు. మనుషులు ఎక్కువైపోయారు, అందరూ మాట్లాడుతున్నారు, ఎవరూ కదలడం లేదు. చివరికి తట్టిన ఉపాయం బాంబు. హెరాల్డ్, వాడితో చేరిన నాడీన్ అనే ఆవిడ కలిసి కమిటీ కూర్చునే ఇంట్లో డైనమైట్ దాచి, వాకీటాకీతో పేలుస్తారు. పాఠకుడికి విసుగొచ్చిన చోటూ రచయిత ఇరుక్కున్న చోటూ ఒకటే. అంత నిజాయితీగా కలిసే అభిప్రాయాలు తక్కువ ఉంటాయి.

ఆ బాంబులో నిక్ పోతాడు. చెవులు వినపడవు, నోరు లేదు, అందరికంటే తెలివిగలవాడు. 'నిక్‌ను చంపి ఉండకూడదు' అన్నది ఈ నవల మీద వినిపించే పాత ఏడుపు. అతను చీటీ రాసి మాట్లాడతాడు. అతనికి దారిలో దొరికిన స్నేహితుడు టామ్‌కు చదవడం రాదు. రాసేవాడికీ చదవలేనివాడికీ మధ్య స్నేహం ఎలా కుదిరిందో చేతి సైగలతో, అంగట్లో వస్తువులతో చూపించిన పేజీలు ఈ నవల్లో మెత్తనివి.

బాంబు పెట్టిన హెరాల్డ్ మీద పాఠకులు రెండుగా చీలతారనుకుంటాం గానీ, ఆశ్చర్యంగా చాలామంది జాలిపడతారు. కారణం శవాల పని. పూడ్చే దళంలో చేరి, అందరూ ఏవగించుకునే పని రోజూ చేస్తాడు. తోటి పనివాళ్లు 'హాక్' అని ముద్దుపేరు పెడతారు. జీవితంలో వాడికి ప్రేమగా పెట్టిన మొదటి పేరు. ఆ సాయంత్రం వాడు మారిపోయే వీలుంది. మారడు. తర్వాత కొండలోయలో కాలు విరిగి ఒంటరిగా పడి ఉన్నప్పుడు, క్షమాపణ కాగితం రాసి, తన పొడుగాటి పూర్తిపేరు పక్కనపెట్టి, అడుగున 'హాక్' అని సంతకం పెడతాడు. పేజీ నిండా వివరణ ఇవ్వాల్సినది ఒక్క సంతకంతో అయిపోయింది.

ముసలమ్మ ఆబగైల్ మీద విమర్శ గట్టిదే, నేను ఒప్పుకుంటాను. నల్లజాతి ఆవిడ, భక్తురాలు, తెల్లవాళ్లకు దారి చూపి, పని అయ్యాక పోతుంది. ఆవిడకు సొంత కోరిక తక్కువ. ఆవిడ ఒక్కతే కోళ్లను సంచిలో వేసుకుని కాలినడకన ఇంటికొస్తుంటే ముంగిసలా కనిపించే వీజెల్ అనే జంతువులు చుట్టుముట్టే ఘట్టంలో మాత్రం మనిషిగా నిలబడుతుంది. ఆడవాళ్ల విషయం ఇంకా పేలవం. ఏడుగురు కమిటీలో ఆడవాళ్లు ఇద్దరు. ఆఖరికి పడమరకు నడిచి వెళ్లే నలుగురూ మగాళ్లే. కడుపుతో ఉన్న ఫ్రానీ ఇంట్లో ఏడుస్తూ ఉండిపోతుంది.

ఇక ముగింపు. నలుగురు ఆయుధం లేకుండా వేగాస్‌కు నడుస్తారు. దారిలో స్టూ కాలు విరిగి పడిపోతాడు. మిగిలిన ముగ్గురు పట్టుబడతారు. గ్లెన్‌ను జైల్లో కాల్చేస్తారు. లారీని, రాల్ఫ్‌ను జనం ముందు చంపబోతుంటే, ట్రాష్‌క్యాన్ అనే పిచ్చివాడు ఎడారిలోంచి అణుబాంబు లాక్కొస్తాడు. ఆకాశంలో ఒక నిప్పుముద్ద చెయ్యి ఆకారంలో కనిపించి, బాంబును తాకుతుంది. అయిపోయింది. 'వెయ్యి పేజీలు చదివించి దేవుడి చేత్తో తుడిచేశాడు' అన్నది ప్రపంచమంతటా పాఠకులు ఒక్కగొంతుతో అనే మాట.

సమర్థించేవాళ్లు ఒక గొలుసు చూపిస్తారు, అది అబద్ధం కాదు. ఆ నిప్పుముద్ద పైనుంచి ఊడిపడలేదు. అది ఫ్లాగ్ వేలినుంచి పుట్టింది. ఎందుకు పుట్టించాడు? జనంలోంచి విట్నీ అనే వంటవాడు 'ఇది తప్పు' అని లేచాడు, వాణ్ణి కాల్చడానికి. విట్నీ ఎందుకు లేచాడు? ఇద్దరు మనుషుల్ని బహిరంగంగా చంపుతుంటే చూడలేక. ఆ ఇద్దరూ నడిచి రాకపోతే జనం పోగవరు. జనం పోగవకపోతే విట్నీ లేవడు. విట్నీ లేవకపోతే నిప్పు పుట్టదు. బాంబు తెచ్చినవాడు కూడా ఫ్లాగ్ మనిషే. కనక నడిచి రావడమే వాళ్లు చేసిన పని.

ఈ సమర్థన సగమే నిలుస్తుంది. గొలుసు ఉంది గానీ, మొదట్లో ఒక డాలరు నోటుకు ఒక పేరా ఇచ్చినవాడు, ఇక్కడ లోకం తలకిందులయ్యే మలుపులన్నీ కొద్ది పేజీల్లో తోసేశాడు. విట్నీ ఎవరో అప్పటికి మనకు సరిగా గుర్తుండడు. వాడికి వంటశాలలో రెండు పుటలు, చేతులు వణికే ఒక్క రాత్రి ఇచ్చి ఉంటే, అంత జనంలో వాడొక్కడే ఎందుకు నోరు విప్పాడో మనమే లెక్క కట్టుకునేవాళ్లం. నాస్తికులకు దేవుడు వచ్చాడని కోపం, భక్తులకు దేవుడు అంత తొందరపడ్డాడని కోపం. రెండు కోపాలకూ మూలం ఒకటే. ఎవరి చేతినుంచి ఎవరి చేతికి అని అడగడం ఈ నవలే మనకు నేర్పింది. స్టూ పంపుల స్విచ్చు ఆపాడు, బౌల్డర్ దళం ఇంటింటి స్విచ్చు ఆపింది. వేగాస్‌లో మనిషి చెయ్యి వేయాల్సిన స్విచ్చు లేదు. పాఠకుడికి ముగింపులో కరువైంది అదే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కలిసి చదవాలనుకునేవాళ్లకు పద్ధతి చెప్తాను. రోజుకు పాతిక పేజీలు పెట్టుకుంటే పెద్ద పుస్తకం నెలా పదహారు, పదిహేడు రోజులు. నవల తనే మూడు భాగాలుగా ఉంది, ఒక్కో భాగం అయ్యాక ఒకసారి కూర్చోండి. ముగింపు అయ్యాకే కూర్చుంటే చివరి కోపం మొదటి ఇష్టాన్ని మింగేస్తుంది, అందరూ ఒకటే మాట అంటారు. ప్రతి ఒక్కరూ చీటీ మీద మూడు రాయాలి. ఏ పుస్తకం, ఏ పేజీ దగ్గర ఆపేద్దామనిపించింది, పుస్తకం తెరవకుండా మళ్లీ చెప్పగలిగిన ఘట్టం ఏది. మార్కులు వేయించకండి. పదికి ఏడు అన్నవాడు ఏం చదివాడో ఆ ఏడులోంచి తెలియదు. ఇంగ్లీషులో చదివినవాళ్లు ఒక్కో భాగాన్ని చదవనివాళ్లకు తెలుగులో నోటితో చెప్పాలి. ఇక్కడ బడి చదువు ఒడియాలో సాగిన పిల్లలు తెలుగు మాట్లాడతారు, అక్షరాల దగ్గర తడబడతారు, వాళ్లకు వినడమే దారి. చెప్పేటప్పుడు పేర్లు ఎక్కువైతే ఎవరూ నిలబడరు. మొదటి రోజు స్టూ, ఫ్రానీ, లారీ, నిక్ నలుగురు చాలు.

ఒక చీటీలో మంచి ప్రశ్న వచ్చింది. టామ్ ఏ మాట చెప్పినా ఎం, ఓ, ఓ, ఎన్ అని అక్షరాలు పలికి, అదే ఆ మాట స్పెల్లింగ్ అంటాడు కదా, తెలుగులో చెప్పేటప్పుడు ఏం చెయ్యాలని. కొందరు ఒకటో తరగతి వాచకంలో మొదటి మాటలు 'అల, వల' పెట్టమంటారు. 'అ, ల, అంటే నెబ్రాస్కా' అని అమెరికాలో ఒక రాష్ట్రం పేరు చెప్తే నవ్వు వస్తుంది, టామ్ గొంతూ కుదురుతుంది. కానీ ఇంగ్లీషులో ఆ నాలుగు అక్షరాలు కలిపితే 'మూన్', అంటే చంద్రుడు. వేగాస్‌కు గూఢచారిగా పంపేటప్పుడు టామ్‌ను నిద్రలాంటి మత్తులో ఉంచి చెప్పే ఆజ్ఞ, పున్నమి రాగానే వెనక్కి వచ్చెయ్యి అని. వాడికి తెలిసిన ఒకే ఒక్క మాట వాణ్ణి ఇంటికి నడిపించాలి. అందుకని చంద్రుణ్ణి వదులుకోకూడదు. 'చంద్రుడు' అంటే వత్తు, కొమ్ము వస్తాయి, టామ్ నోటికి బరువు. పసివాడికి అన్నం తినిపిస్తూ చూపించే మాట ఉంది మనకు, అందులోనూ సరిగ్గా నాలుగే అక్షరాలు. 'చం, ద, మా, మ. అంటే నెబ్రాస్కా!'